తిన్న మెగ్నీషియం ఒంటికి పట్టాలంటే: మాత్రల సంచీ నుంచి జొన్నరొట్టె దాకా

మా నాయనకు 71 ఏళ్ళు. అనంతపురంలో ఉంటాడు. రాత్రిళ్ళు పిక్కలు పట్టేసి లేచి కూర్చునేవాడు. పగలు వేళ్ళు తిమ్మిరెక్కేవి, కనురెప్ప అదిరేది, మార్కెట్‌కి పోయొస్తే చాలు మంచం మీద వాలిపోయేవాడు. ఎవరో చెప్పారని మెగ్నీషియం మాత్రలు కొనుక్కుని రాత్రి పడుకునే ముందు ఒకటి వేసుకోవడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులకే విరేచనాలు పట్టుకున్నాయి. "ఇంత మింగుతాండా గదరా, ఒంటికి పట్టదేం?" అన్నాడు ఫోన్లో.

రక్తపరీక్ష చేయిస్తే మెగ్నీషియం 1.2 మిల్లీగ్రాములు వచ్చింది. డెసిలీటరుకు సుమారు 1.7 నుంచి 2.4 దాకా ఉండాలి. పొటాషియం కూడా తగ్గింది. చూసిన డాక్టరుగారు మొదట తిండి గురించి అడగలేదు. "ఇంట్లో వాడే మాత్రలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టండి" అన్నారు. జవాబు అక్కడే దొరికింది. ఆ తర్వాత కొన్ని నెలలు ఈ విషయం గురించి నేను చదివిందీ, ఇంట్లో చేసిందీ వరుసగా రాస్తున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ దగ్గర కూర్చుని ఒక్కొక్క మెట్టూ చూడండి.

ముందు తెలుసుకోవాల్సింది: లోపలికి ఎలా చేరుతుంది

పెద్దవాళ్ళ ఒంట్లో మొత్తం 25 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. సగానికి పైగా ఎముకల్లో, మిగిలినదాంట్లో చాలా భాగం కండల్లో, ఇతర కణాల్లో ఉంటుంది. రక్తంలో తిరిగేది నూటికి ఒక వంతు కూడా ఉండదు.

మనం తిన్న మెగ్నీషియంలో మామూలుగా 30 నుంచి 40 శాతం పేగుల్లోంచి రక్తంలోకి చేరుతుంది. ఎక్కువ భాగం చిన్నపేగులోనే, అందులోనూ మధ్య, చివరి భాగాల్లో చేరుతుంది. పెద్దపేగు ఇంకొంచెం పట్టుకుంటుంది. ఇందుకు రెండు దారులున్నాయి. పేగు కణాల మధ్య సందుల్లోంచి దానంతటది జారిపోవడం ఒకటి. కణాల మీదుండే ప్రత్యేకమైన గేట్ల గుండా పోవడం రెండోది. తిండిలో మెగ్నీషియం తక్కువైనప్పుడు ఈ గేట్ల అవసరం బాగా పడుతుంది. అయితే అవి కొంత దాకానే పనిచేస్తాయి, నిండాక ఇంక లాగలేవు.

అందుకే కొంచెం కొంచెంగా ఇస్తే ఎక్కువ వంతు పడుతుంది, ఒకేసారి కుమ్మరిస్తే తక్కువ వంతు పడుతుంది. కొలిచి చూసినప్పుడు చాలా చిన్న మోతాదులో 65 శాతం దాకా లోపలికి పోయింది. బాగా పెద్ద మోతాదులో 11 శాతమే పోయింది. మిగిలినది పేగులోనే ఉండి నీళ్ళను తనవైపు లాక్కుంటుంది. మా నాయనకు విరేచనాలు అయింది అందుకే.

లోపలికి చేరిన తర్వాత లెక్క కిడ్నీలది. రోజుకు సుమారు 120 మిల్లీగ్రాములు మూత్రంలో పోతుంది. ఒంట్లో తగ్గితే కిడ్నీలు బిగపట్టి పోయేదాన్ని తగ్గిస్తాయి. కాబట్టి లోపం కనిపిస్తే రెండు వైపులా చూడాలి: లోపలికి పోవడం తగ్గిందా, బయటికి పోవడం పెరిగిందా?

మెట్టు 1: మాత్రల సంచీ బల్ల మీద పెట్టండి

నా మట్టుకు అన్నింటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. వంటింట్లో ఎన్ని మార్పులు చేసినా, ఇక్కడ కారణం ఉంటే అవి కారిపోయే కుండలో నీళ్ళు పోసినట్టే.

గ్యాస్ మాత్రలు మొదట చూడండి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్, ఇలా పేరు చివర "ప్రజోల్" అని ఉండేవి. పరగడుపున ఒకటి వేసుకోవడం మన ఇళ్ళలో కాఫీ తాగినంత అలవాటైపోయింది. డాక్టరు రెండు వారాలకు రాసిస్తే నాలుగేళ్ళు వాడేవాళ్ళున్నారు. మా నాయన వాళ్ళలో ఒకడు. ఈ మందులు ఎక్కువకాలం, ముఖ్యంగా ఏడాది దాటి వాడితే కొందరికి రక్తంలో మెగ్నీషియం పడిపోతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. పేగులో ఆమ్లగుణం మారడం వల్ల ఇందాక చెప్పిన గేట్లు సరిగ్గా పనిచేయవని అనుకుంటున్నారు. ఆ సంస్థ చూసిన కేసుల్లో దాదాపు నాలుగో వంతు మందికి మెగ్నీషియం ఇచ్చినా స్థాయి పెరగలేదు, గ్యాస్ మాత్ర ఆపాల్సి వచ్చింది.

ఇది చదివి రేపే మాత్ర ఆపేయకండి. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే కడుపులో మంట ముందుకంటే ఎక్కువగా తిరగబడుతుంది. అల్సర్ ఉన్నవాళ్ళకీ, గుండెకి రక్తం పలుచబడే మందులు వాడేవాళ్ళకీ గ్యాస్ మాత్ర నిజంగా అవసరం కావచ్చు. "ఇది నాకు ఇంకా కావాలా, మెల్లగా తగ్గించొచ్చా, ఫామోటిడిన్ లాంటి వేరే రకం గ్యాస్ మాత్ర సరిపోతుందా?" అని డాక్టర్ని అడగండి.

రెండోది, నీళ్ళు పోయే మాత్రలు, అంటే మూత్రం ఎక్కువ వచ్చేలా చేసేవి. ఫ్యూరోసెమైడ్, హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ మెగ్నీషియాన్ని మూత్రంలోకి తోసేస్తాయి. బీపీ మాత్రలో ఇవి కలిసి ఉన్న సంగతి చాలామందికి తెలియదు. మాత్ర పేరు చివర "హెచ్" అని ఉంటే చాలాసార్లు అది హైడ్రోక్లోరోథయాజైడే. పట్టీ వెనక సన్నటి అక్షరాల్లో రాసి ఉంటుంది, వెలుతురులో పెట్టి చదవండి. స్పైరోనోలాక్టోన్ దీనికి వ్యతిరేకం, అది మెగ్నీషియాన్ని నిలుపుతుంది. మా నాయన పొద్దున గ్యాస్ మాత్ర, ఆ వెంటనే "హెచ్" ఉన్న బీపీ మాత్ర వేసుకునేవాడు. ఒకటి లోపలికి రానివ్వలేదు, ఇంకొకటి ఉన్నదాన్ని బయటికి పంపింది.

పొటాషియం తగ్గడానికి నీళ్ళ మాత్ర ఒక కారణం. దానికి తోడు, మెగ్నీషియం తక్కువగా ఉన్నంతకాలం పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు. కాల్షియం కూడా పడిపోవచ్చు. పొటాషియం సిరప్ తాగుతున్నా పెరగని వాళ్ళు మెగ్నీషియం చూపించుకోవడం మంచిది.

మెట్టు 2: పేగు, షుగరు, మద్యం, వయసు

చాలాకాలంగా విరేచనాలు అవుతున్నా, పేగు వాపు జబ్బులున్నా, గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉన్నా, చిన్నపేగులో కొంత ఆపరేషన్‌లో తీసేసినా, తిన్నది పట్టే చోటే దెబ్బతింటుంది. వీళ్ళు ముందు పేగు డాక్టర్ని కలవాలి.

షుగరు అదుపులో లేనివాళ్ళకు మూత్రంలో గ్లూకోజ్‌తో పాటు మెగ్నీషియమూ పోతుంది. షుగరు అదుపులోకి వస్తే ఈ నష్టమూ తగ్గుతుంది. రోజూ మద్యం తాగేవాళ్ళకు మూత్రంలో పోవడం, తిండి తగ్గడం, విరేచనాలు కలిసి వస్తాయి. వయసు మీద పడేకొద్దీ పేగు పట్టుకునేది తగ్గి, కిడ్నీ వదిలేది పెరుగుతుంది. దానికితోడు పెద్దవాళ్ళు తినేదే తక్కువ.

మెట్టు 3: కంచంలో ఎంత ఉందో లెక్కేయండి

రోజుకు మగవాళ్ళకు 400 మిల్లీగ్రాముల పైచిలుకు, ఆడవాళ్ళకు 300 పైచిలుకు కావాలని లెక్క. తిన్నదాంట్లో మూడో వంతే పడుతుంది కదా, మూడింతలు తినాలేమో అని భయపడొద్దు. ఆ నష్టం ఈ లెక్కలో ముందే కలిసి ఉంది.

మన సీమ తిండి ఈ విషయంలో ఎంతో మంచిది. వంద గ్రాముల జొన్నల్లో 130 మిల్లీగ్రాముల పైన, రాగుల్లో సుమారు 140 ఉంటుంది. అదే పాలిష్ పట్టిన బియ్యంలో 20, 25 దగ్గరే ఆగిపోతుంది. మెగ్నీషియం గింజ పైపొరలో, మొలకలో ఉంటుంది, పాలిష్‌లో ఆ రెండూ పోతాయి. అరవై, డెబ్బై గ్రాముల పిండితో చేసిన ఒక జొన్నరొట్టె ఎనభై, తొంభై మిల్లీగ్రాములిస్తుంది. గుప్పెడు శనక్కాయ పప్పులు, అంటే 30 గ్రాములు, యాభై ఇస్తాయి. నువ్వుల పొడి ఒక పెద్ద చెంచా 30 ఇస్తుంది. ఒక అరటిపండు కూడా అంతే.

ఇన్ని శనక్కాయలు పండే జిల్లాలో ఉండి, మూడు పూటలా తెల్లన్నం, చారు, ఊరగాయతో సరిపెట్టుకుంటున్న పెద్దవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది. పళ్ళు లేవని రొట్టె మానేస్తారు. రొట్టెను మజ్జిగలో నానబెట్టి ఇవ్వొచ్చు, సంగటి మెత్తగా కలపొచ్చు, శనక్కాయలతో ఊరుబిండి నూరొచ్చు.

మాంసకృత్తులు కూడా చూసుకోవాలి. రోజుకు 30 గ్రాముల కంటే తక్కువైతే మెగ్నీషియం పట్టడం తగ్గుతుందని తేలింది. సంగటిలోకి ఉత్త పులుసు పోసుకునేచోట పప్పు, ఉలవలు, అలసందలు, గుడ్డు, పెరుగు ఏదో ఒకటి చేరితే ఆ గొడవ ఉండదు.

మెట్టు 4: నానబెట్టండి, మొలకెత్తించండి, పులియబెట్టండి

గింజల్లో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. గింజ తన భాస్వరాన్ని దాచుకునే రూపం అది. పేగులో అది మెగ్నీషియాన్ని, ఇనుమును, జింకును గట్టిగా పట్టుకుని వదలదు. గింజకు తడి తగిలితే లోపలున్న ఫైటేజ్ అనే ఎంజైము మేలుకుని ఫైటేట్‌ను విరగ్గొడుతుంది. మొలకకు ఆ భాస్వరం కావాలి మరి. పులిసేటప్పుడు పుట్టే ఆమ్లం ఈ ఎంజైముకు ఇంకా అనువుగా ఉంటుంది. మన అవ్వలకు ఈ పేర్లేవీ తెలియవు, పనులు మాత్రం ఇవే చేసేవాళ్ళు.

రాగులతో మొదలుపెట్టండి. కడిగి రాత్రంతా నానబెట్టి, వంచేసి, తడి గుడ్డలో మూటకట్టండి. మన ఎండలకు ఒక రోజులోనే తెల్లటి మొలక కనిపిస్తుంది, చలికాలంలో రెండు రోజులు పడుతుంది. నీడన ఆరబెట్టి, దోరగా వేయించి మర పట్టించండి. వేయించడం ఎప్పుడూ మొలకెత్తిన తర్వాతే. ముందే వేయిస్తే ఎంజైము చచ్చిపోతుంది, నానబెట్టినా ఉపయోగం ఉండదు.

అంబలి ఇంకా తేలిక. మూడు చెంచాల రాగిపిండిని రాత్రి నీళ్ళలో కలిపి మూతపెట్టి వదిలేయండి. పొద్దున కాస్త పుల్లటి వాసన వస్తుంది. అప్పుడు కాచి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ కలపండి. పిండిని అప్పటికప్పుడు కలిపి కాచిన జావకూ దీనికీ తేడా ఈ రాత్రంతా నానిన సమయంలోనే ఉంది. పులవడానికి సాయంగా ఒక చెంచా పాత అంబలి గానీ, మజ్జిగ గానీ వేయొచ్చు.

పెసలు, ఉలవలు, అలసందలు రాత్రి నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, వీలైతే ఒక రోజు మొలక కట్టి వండండి. నానిన నీళ్ళలో కొంచెం మెగ్నీషియం పోతుంది, అది పెద్ద నష్టం కాదు. ఉడికించిన నీళ్ళు మాత్రం పారబోయకండి. ఉలవకట్టు చారు పెట్టుకునేది మనమే కదా. కొర్రలు ఆరేడు గంటలు నానితే మెత్తగానూ ఉడుకుతాయి. జొన్నరొట్టె పిండిని వేడినీళ్ళతో కలిపి అప్పుడే కొడతాం కాబట్టి అక్కడ ఈ కిటుకు కుదరదు. రొట్టె రుచి పోగొట్టుకోకండి, పక్కన మొలకల కూర పెట్టుకోండి.

ఫైటేట్ పేరు చెప్పి చిరుధాన్యాలు మానేయమనేవాళ్ళ మాట వినొద్దు. నానబెట్టని జొన్నరొట్టెలో ఫైటేట్ ఉన్నా, పాలిష్ బియ్యంలో ఉన్నదానికి ఎన్నో రెట్లు మెగ్నీషియం ఉంటుంది కాబట్టి చివరికి ఒంటికి చేరేదీ ఎక్కువే.

పెద్దపేగు సంగతి కూడా ఇక్కడే. అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టగలిగే పీచు అందితే, పుట్టే ఆమ్లాల వల్ల మెగ్నీషియం కరిగి ఇంకొంత లోపలికి పోతుంది. ఉల్లి, వెల్లుల్లి, పప్పుధాన్యాలు, చల్లారిన అన్నం అలాంటివి. రాత్రి అన్నంలో నీళ్ళూ పెరుగూ పోసి పొద్దున ఉల్లిపాయతో తినే సద్దన్నం అందుకే మంచిది. డబ్బాల్లో అమ్మే తవుడులో మెగ్నీషియం ఉన్నా, ఫైటేట్ కూడా ఎక్కువే.

మెట్టు 5: ఆకుకూరలు

తోటకూర, పాలకూరల్లో మెగ్నీషియం బాగానే ఉంది. ఆక్సలేట్ కూడా ఎక్కువే, అది మెగ్నీషియాన్ని పట్టుకుంటుంది. మానేయాల్సిన పని లేదు. వారంలో మెంతికూర లాంటి ఆక్సలేట్ తక్కువున్న ఆకులూ తిప్పుతూ తినండి. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు ఉడికించి నీళ్ళు వంచేస్తారు, వాళ్ళకు అది సరే. మిగతావాళ్ళు వంచేస్తే మెగ్నీషియమూ పోతుంది, పప్పులోనే వేసి ఉడికించుకోండి.

మెట్టు 6: తాగే నీళ్ళు

నీళ్ళలో మెగ్నీషియం కరిగే ఉంటుంది, ఫైటేట్ లాంటి అడ్డం ఉండదు కాబట్టి తేలిగ్గా పడుతుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 30 మిల్లీగ్రాముల దాకా మెగ్నీషియం ఉండొచ్చు, వేరే నీళ్ళు దొరకనిచోట 100 దాకా. లీటరుకు 30 ఉన్న నీళ్ళు మూడు లీటర్లు తాగితే తొంభై మిల్లీగ్రాములు, అంటే ఒక జొన్నరొట్టెతో సమానం. నీళ్ళను శుద్ధి చేసే ఆర్‌ఓ యంత్రం ఆ మెగ్నీషియంలో చాలా భాగాన్ని తీసేస్తుంది.

అలాగని అనంతపురం పల్లెల్లో ఎవరూ మళ్ళీ బోరు నీళ్ళకు పోవద్దు. ఇక్కడ చాలాచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్ళు గారపట్టి, నడుములు వంగిపోయినవాళ్ళను చూసినవాళ్ళం మనం. ఆర్‌ఓ నీళ్ళే తాగండి, పోయినదాన్ని కంచంలో పూడ్చుకోండి. నీళ్ళ పరీక్ష చేయించి ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండి, మిగతా అంశాలూ బాగుంటేనే ఆర్‌ఓ అవసరమా అని ఆలోచించండి.

మెట్టు 7: మాత్ర తప్పనిసరైతే

ముందు కిడ్నీ పరీక్ష, అంటే క్రియాటినిన్ చూపించుకోండి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకు ఎక్కువైన మెగ్నీషియం బయటికి పోదు, పేరుకుని గుండె, ఊపిరి దాకా ప్రమాదం తెస్తుంది. గ్యాస్‌కి తాగే తెల్లటి సిరప్‌లలో, మలబద్ధకం మందుల్లో కూడా మెగ్నీషియం ఉంటుంది. కిడ్నీ రోగులు అవీ అడగకుండా తాగకూడదు.

తర్వాత, ఏ రకం అన్నది. మెగ్నీషియం ఆక్సైడ్ అనే రకంలో బరువుకు 60 శాతం మెగ్నీషియమే, కానీ సరిగ్గా కరగదు, తక్కువ పడుతుంది, విరేచనాలు ఎక్కువ. మా నాయన కొన్నది అదే. సిట్రేట్‌లో 16 శాతం, గ్లైసినేట్‌లో 14 శాతమే మెగ్నీషియం ఉంటుంది, పట్టడం మాత్రం మెరుగ్గా ఉంటుంది. పట్టీ మీద పెద్దగా రాసిన అంకె ఆ ఆక్సైడ్, సిట్రేట్ లాంటి పదార్థం మొత్తం బరువా, అందులోని అసలు మెగ్నీషియమా అని షాపులో అడగండి. డాక్టరు చెప్పకుండా మాత్రల రూపంలో రోజుకు 350 మిల్లీగ్రాముల అసలు మెగ్నీషియం దాటొద్దు. యూరప్‌లో ఈ హద్దును 250 దగ్గరే పెట్టారు.

ఒకటే పెద్ద మాత్రకు బదులు చిన్నవి రెండు పూటలా, అన్నం తిన్నాక వేసుకోండి. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. సిప్రోఫ్లాక్ససిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ వాడే రోజుల్లో దాన్ని మెగ్నీషియానికి రెండు గంటల ముందు గానీ, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. లేకపోతే యాంటీబయాటికే ఒంటికి పట్టదు. ఎముకలకు వాడే అలెండ్రొనేట్‌కూ ఎడం కావాలి. రోజుకు 140 మిల్లీగ్రాముల పైన జింకు మింగితే మెగ్నీషియం తగ్గుతుంది, మామూలు విటమిన్ మాత్రలో అంత ఉండదు.

పిక్కలు పట్టేస్తున్నాయని మాత్రమే మెగ్నీషియం కొనేవాళ్ళకు ఒక మాట. పెద్దవాళ్ళకు ఇచ్చి చూసిన పరిశోధనల్లో పిక్కల నొప్పికి చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. లోపం ఉందని పరీక్షలో తేలితే సంగతి వేరు.

మెట్టు 8: పరీక్ష

సీరం మెగ్నీషియం అని అడగండి, దాంతో పాటు పొటాషియం, కాల్షియం, క్రియాటినిన్ రాయించుకోండి. రక్తంలో ఉండేది చాలా కొంచెం కాబట్టి, అంకె మామూలుగా వచ్చినా లోపల నిల్వ తగ్గి ఉండొచ్చు. తక్కువ వస్తే మాత్రం నమ్మాల్సిందే. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే లోపలి మెగ్నీషియం కలిసి అంకె ఎక్కువ చూపిస్తుంది. రిపోర్టులో ఆ మాట (హీమోలైసిస్ అని) రాసి ఉంటే రక్తం మళ్ళీ ఇవ్వండి.

గుండె దడదడలాడినా, చేతులు కొంకర్లు పోయినా, ఫిట్స్ వచ్చినా ఇవేవీ చూస్తూ కూర్చోవద్దు. అప్పుడు మెగ్నీషియం సెలైన్‌లో ఎక్కించాలి, ఆసుపత్రికి పొండి.

మా నాయనకు డాక్టరుగారు గ్యాస్ మాత్ర మెల్లగా ఆపించారు, బీపీ మాత్ర మార్చారు, ఆరు వారాలు గ్లైసినేట్ రెండు పూటలా ఇచ్చారు. రెండో పరీక్షలో 1.8 వచ్చింది, పొటాషియం దానంతటదే సర్దుకుంది. పొద్దున అంబలి, మధ్యాహ్నం అన్నంలోకి మొలకెత్తిన పెసల కూర, రాత్రి రొట్టె, ఊరుబిండి. మూడు నెలలకోసారి పరీక్ష చేయిస్తున్నాం, మళ్ళీది ఉగాది దాటాక.